పెరటి కోళ్ల మందలో వేర్వేరు వయసుల కొత్త కోళ్ల చేరిక: సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత పరిస్థితులు

పెరటి కోళ్ల పెంపకంపై వెలువడే సూచనలలో అధికభాగం ఒకే వయసు పిల్లలను ఒకేసారి తెచ్చి, ఒకేసారి పెంచి, ఒకేసారి అమ్మే పద్ధతిని దృష్టిలో ఉంచుకొని రాసినవే. వాణిజ్య ఫారాలలో ఈ నియమం చక్కగా నడుస్తుంది. పెరటిలో దాదాపు అసాధ్యం. ఏ ఇంటి గూటిని తెరిచి చూసినా రెండేళ్లు దాటిన ముసలి పెట్ట, గుడ్లు పెడుతున్న రెండు మూడు పెట్టలు, ఒక పుంజు, అప్పుడే తల్లిని విడిచిన పిల్లలు, మూలన గంపలో పొదుగుతున్న మరో పెట్ట కలిసే కనిపిస్తాయి. పిల్లి, ముంగిస, వీధికుక్క ఎత్తుకుపోయినవి కొన్ని, బోనాలకు, దసరాకు కోసినవి కొన్ని, చేతి ఖర్చుకు అమ్మినవి కొన్ని తగ్గిపోతుండగా వాటి స్థానంలో కొత్తవి వచ్చి చేరుతుంటాయి. అందువల్ల పెరటి మంద ఎల్లప్పుడూ మిశ్రమ వయసుల మందగానే ఉంటుంది. రోగం మందలోకి ప్రవేశించే ముఖ్యమైన దారులలో ఈ చేరిక ఒకటి. పది కోళ్లున్న ఇంట్లో సంత నుంచి తెచ్చిన రెండు కోళ్ల కారణంగా పన్నెండూ పోతే, నష్టపోయేది సాధారణంగా ఆ ఇంటి ఇల్లాలి చేతిలోని కొద్దిపాటి స్వంత ఆదాయం, పిల్లల పళ్లెంలోని గుడ్డు.

పటాన్‌చెరు, రామచంద్రాపురం, బొల్లారం, పాశమైలారం ప్రాంతాలలో ఈ సమస్యకు మరికొన్ని చిక్కులు తోడవుతాయి. 1972లో ఇక్రిశాట్ నెలకొన్న పటాన్‌చెరు చుట్టూ ఆ దశాబ్దం నుంచే పారిశ్రామిక వాడలు విస్తరించాయి. పొలాలు ప్లాట్లుగా, పెరళ్లు అద్దె గదుల వరుసలుగా మారిన చోట కోళ్లు తిరిగే నేల కుదించుకుపోయింది. గడ్డివాములు, పొదలు, పశువుల కొట్టాలు ఉన్నప్పుడు తరిమిన కోడి నుంచి తప్పించుకోవడానికి చిన్నపిల్లకు చోటు దొరికేది. ప్రహరీ గోడల నడుమ ఆ అవకాశం లేదు. రెండు మూడు ఇళ్ల కోళ్లు ఒకే సందులో, ఒకే మురుగు కాలువ పక్కన మేయడం వల్ల ఒక ఇంటి మంద ఎక్కడ ముగిసి మరో ఇంటి మంద ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కూడా కష్టమే.

కొత్త కోళ్లు వచ్చే దారులు

ఈ ప్రాంతపు పెరళ్లలోకి కొత్త కోళ్లు ప్రధానంగా నాలుగు దారులలో వస్తాయి. మొదటిది ఇంటి పెట్ట పొదిగి లేపిన పిల్లలు. రెండవది రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి, పశువైద్య విశ్వవిద్యాలయపు రాజశ్రీ వంటి మెరుగైన రకాల పిల్లలు. మూడవది వారపు సంతలో కొన్న ఎదిగిన నాటుకోళ్లు. నాలుగవ దారిపై విస్తరణ సాహిత్యంలో ప్రస్తావన తక్కువ: వీధుల్లో బుట్టలలో అమ్మే రంగు పూసిన పిల్లలు, గుడ్ల ఫారాల నుంచి ఏరివేసిన పెట్టలు.

రంగు పూసిన పిల్లలు సాధారణంగా గుడ్ల జాతి హ్యాచరీలలో వేరుచేసిన మగపిల్లలు. ఫారాలకు అవసరం లేనివి గనుక వీటికి మొదటి రోజున ఇవ్వవలసిన మారెక్స్ టీకా ఇచ్చి ఉంటారని ఆశించలేము. ఏరివేసిన పెట్టల సంగతి వేరు. అవి టీకాలు పొందినవే అయినా ఏడాదికి పైగా పంజరంలో గడిపినవి. దండెం ఎక్కడం తెలియదు, పిల్లిని చూసి పారిపోవడం తెలియదు, ముక్కు కొన కత్తిరించి ఉంటుంది గనుక పోరాటంలో ఓడిపోతాయి. శ్వాసకోశ రోగాలను పైకి కనిపించకుండా మోసుకొచ్చే అవకాశమూ ఉంది. చవకగా దొరుకుతున్నాయని వీటిని నాటు మందలో కలపడం ఈ వ్యాసం దృష్టిలో లాభసాటి బేరం కాదు.

మెరుగైన రకాల పంపిణీలోనూ ఒక విషయం గమనించవలసి ఉంది. ప్రభుత్వ పథకాలలో మదర్ యూనిట్లలో 4 వారాల వరకు పెంచిన పిల్లలను లబ్ధిదారులకు విడతలవారీగా అందజేసే పద్ధతి ప్రచారంలో ఉంది. రెండవ విడత వచ్చేనాటికి మొదటి విడత పిల్లలు ఎదిగిన కోళ్లై గూటిని తమదిగా చేసుకొని ఉంటాయి. అంటే వయసుల మిశ్రమాన్ని పథకమే సృష్టిస్తున్నది. దానిని నిర్వహించే శిక్షణ మాత్రం మొదటి విడతతోనే ముగుస్తుంటుంది.

మందలోని వరుస

కోళ్ల మందలో ఏ కోడి దేనిని పొడవవచ్చునో, ఏది దేనికి దారి ఇవ్వాలో నిర్ణయించే ఒక వరుస ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె 1921లో దీనిని మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. ‘పెకింగ్ ఆర్డర్’ అనే మాట ఆ పరిశీలనల నుంచే వ్యాప్తిలోకి వచ్చింది. కోళ్లు పరస్పరం తల, జుట్టు ఆకృతులను బట్టి గుర్తిస్తాయి. వరుస ఒకసారి కుదిరితే మందలో గొడవలు తగ్గుతాయి; పై కోడి ఒక చూపు చూస్తే కింది కోడి తప్పుకుంటుంది. గుర్తు తెలియని కోడి వచ్చినప్పుడు ఆ ఒప్పందం చెదిరిపోయి, దానితో ప్రతి కోడి తన స్థానాన్ని మళ్లీ తేల్చుకోవలసి వస్తుంది. రెండు మూడు వారాలు వేరుచేసి ఉంచిన పాత కోడిని సైతం తిరిగి కలిపినప్పుడు మంద పరాయిదానిగా చూడవచ్చు.

దీని నుంచి కొన్ని ఆచరణాత్మక విషయాలు తేలుతాయి. ఒంటరిగా చేరిన కోడి మంద మొత్తపు పొడుపులకు గురి అవుతుంది. రెండు మూడు కలిసి చేరితే ఆ దాడి పంచుకోబడుతుంది. వారానికొకటి చొప్పున నాలుగు కోళ్లను తెస్తే నాలుగుసార్లు వరుస చెదురుతుంది, నాలుగుసార్లు గుడ్ల దిగుబడి తగ్గుతుంది. నాలుగింటినీ ఒకేసారి చేర్చితే ఆ నష్టం ఒక్కసారితో పోతుంది. పిల్లలలో ఈ వరుస సుమారు 6 నుంచి 10 వారాల వయసులో స్థిరపడుతుంది గనుక, ఆ వయసుకు ముందే కలిసి పెరిగిన పిల్లల గుంపును విడదీయకుండా గుంపుగానే చేర్చడం మేలు.

వయసు కంటే పరిమాణం ముఖ్యమని చెప్పడం వాడుక. అది సగం నిజం. 12 వారాల వనరాజా పిల్ల బరువులో నాటుపెట్టకు దగ్గరగా రావచ్చు. అయినా దాని నడవడి పిల్ల నడవడే. సగం బరువున్న ముసలి పెట్ట తరిమితే మేత విడిచి పోతుంది. బరువు చూసి ధైర్యపడి కలిపిన రైతుకు, ఆ పిల్ల రోజురోజుకూ చిక్కిపోవడం రోగంగా కనిపిస్తుంది. సుమారు 14 – 16 వారాల వరకు ఆగగలిగితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. అసీల్ జాతి విషయంలో ఈ లెక్కలు పనికిరావు. పోరాట గుణం గల ఆ జాతి పిల్లలు చిన్నవయసులోనే ఒకదానినొకటి గాయపరచుకుంటాయి. ఎదిగిన అసీల్ పుంజున్న పెరటిలో మరో పుంజును చేర్చే ఆలోచనే మానుకోవాలి.

తల్లికోడి ద్వారా చేర్చడం

చిన్నపిల్లలను పెద్ద మందలో చేర్చడానికి పల్లెల్లో తరతరాలుగా ఉన్న మార్గం పొదుగుకోడి. మెరుగైన రకాలలో పొదిగే గుణం చాలావరకు తగ్గిపోయింది. నాటుపెట్టలలో అది నిలిచే ఉంది. పొదుగు మీద స్థిరంగా కూర్చున్న పెట్ట కిందికి, దాని 21 రోజుల గడువు ముగిసే వేళ, ఒకటి రెండు రోజుల వయసున్న పిల్లలను రాత్రి చీకటిలో చేర్చితే తెల్లవారేసరికి వాటిని తనవిగానే స్వీకరించే అవకాశం ఎక్కువ. పిల్లలు మొదటి రెండు మూడు రోజులలోనే తల్లిని గుర్తించడం నేర్చుకుంటాయి. ఆ గడువు దాటిన పిల్లలు రెక్కల కిందికి పోవు, పెట్ట కూడా వాటిని పొడుస్తుంది. 4 వారాల పిల్లలను తల్లికోడికి అంటగట్టే ప్రయత్నం విఫలమయ్యేది ఇందువల్లే. మొదటి రోజు ఉదయం దగ్గరుండి చూడాలి. కొన్ని పెట్టలు తమ పిల్లల రంగుకు భిన్నమైన వాటిని ఏరి పొడుస్తాయి. ఒక పెట్ట తన రెక్కల కింద వెచ్చగా కప్పగలిగేది 10 – 12 పిల్లలనే. చలికాలంలో అంతకంటే తక్కువే.

తల్లి వెంట తిరిగే పిల్లలను మందలోని ఇతర కోళ్లు అంతగా ముట్టవు. 6 నుంచి 8 వారాలకు తల్లి వాటిని విడిచిపెట్టేనాటికి ఎవరికి దారి ఇవ్వాలో, ఎక్కడ దాక్కోవాలో అవి నేర్చుకొని ఉంటాయి. ఈ పద్ధతిలో వయసుల తేడా ఒక సమస్యగా మిగలదు. అయితే తల్లి ఒంటి మీది పేలు, నేలలోని పరాన్నజీవులు మొదటి రోజు నుంచే పిల్లలకు అంటుతాయి. పొదుగుకు కూర్చోబెట్టే ముందే పెట్టకు బాహ్య పరాన్నజీవుల చికిత్స చేయించి, పొదుగు గంపలో కొత్త గడ్డి వేయాలి.

రోగం ప్రయాణించే దిశ

వేర్వేరు వయసుల కోళ్లు కలిసినప్పుడు రోగం రెండు దిశలలోనూ ప్రయాణిస్తుంది. ఈ రెంటినీ విడివిడిగా అర్థం చేసుకోకపోతే జాగ్రత్తలు ఒక వైపుకే పరిమితమవుతాయి.

పాత కోళ్ల నుంచి కొత్త పిల్లలకు వచ్చేవాటిలో కాక్సిడియోసిస్ మొదటిది. పెద్దకోళ్లు ఈ పరాన్నజీవిని తట్టుకొని రెట్టల ద్వారా వెదజల్లుతూ ఉంటాయి. తడి, వెచ్చదనం ఉన్న నేలలో ఆ బీజకోశాలు ఒకటి రెండు రోజులలోనే సోకగల దశకు చేరతాయి. మదర్ యూనిట్‌లో కాక్సిడియా నిరోధక మందు కలిసిన మేతపై పెరిగిన పిల్లలు పెరటికి రాగానే ఆ రక్షణ ఆగిపోతుంది. వారం తిరిగేసరికి రక్తంతో కూడిన విరేచనాలు మొదలవుతాయి. పంపిణీ చేసిన పిల్లలే రోగిష్టివని రైతు, పెరటిలో శుభ్రత లేదని సరఫరాదారు పరస్పరం నిందించుకునే సందర్భాలలో అసలు విషయం తరచు ఇదే. మారెక్స్ వైరస్ కూడా ఎదిగిన కోళ్ల ఈకల పొట్టు ద్వారా పిల్లలకు సోకుతుంది. మైకోప్లాస్మా, కొరైజా నుంచి కోలుకున్న కోళ్లు ఆరోగ్యంగా కనిపిస్తూనే చాలాకాలం వాహకాలుగా ఉంటాయి.

కొత్త కోళ్ల నుంచి పాత మందకు వచ్చేవాటిలో అన్నిటికంటే భయంకరమైనది కొక్కెర తెగులు. 1927లో కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద గుర్తించినందున దీనికి ఆ ఊరి పేరే స్థిరపడింది. వైరస్ ఒంట్లో చేరిన తరువాత లక్షణాలు కనబడడానికి 2 నుంచి 15 రోజులు పట్టవచ్చు. సంతలో కళ్లు మెరుస్తూ, చురుకుగా కనబడిన కోడి ఇంటికి వచ్చిన అయిదవ రోజున మెడ తిప్పేయడానికి కారణం ఇదే. బోనాల ముందు, దసరా ముందు సంతలలో ఊరూరి కోళ్లు ఒకే గంపలో కలుస్తాయి. ఆ రోజులలో కొన్న కోడిని మందలో కలపడం కంటే పండుగకు వినియోగించుకోవడమే క్షేమం.

కనుక ఎదిగిన కోడిని ఎక్కడి నుంచి తెచ్చినా కనీసం 3 – 4 వారాలు విడిగా ఉంచాలి. గూటికి అవతలి మూల చాలదు. ఇంటికి మరో వైపు, గాలి పాత మంద వైపు వీచని చోట ఉంచడం మంచిది. అద్దె గదుల వరుసలలో అంత స్థలం ఉండదు. అటువంటప్పుడు కోళ్లు లేని బంధువుల ఇంట్లో ఉంచడం ఒక ఉపాయం. మేత, నీళ్లు పెట్టే పని ముందు చిన్నపిల్లల వద్ద, తరువాత పాత మంద వద్ద, చివరగా విడిగా ఉన్న కొత్త కోళ్ల వద్ద ముగించాలి. చెప్పులు, పాత్రలు వేరుగా ఉండాలి. విడి ఉంచిన గడువు చివరి వారంలో పాత మంద నుంచి అంతగా విలువలేని ఒక కోడిని కొత్తవాటితో ఉంచి గమనించవచ్చు. అది ఆరోగ్యంగా ఉంటే మిగిలినవాటిని కలపడానికి ధైర్యం వస్తుంది. పైకి క్రూరంగా కనిపించినా, ప్రయోగశాల పరీక్షలు అందుబాటులో లేని పెరటికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

ఈ గడువులో ముందుజాగ్రత్త పేరుతో మెడికల్ షాపులో దొరికే మనుషుల టెట్రాసైక్లిన్ గొట్టాల పొడిని నీళ్లలో కలిపి తాగించే అలవాటును గట్టిగా నిరుత్సాహపరచాలి. మందు లక్షణాలను అణచివేస్తుంది, వాహక స్థితిని తొలగించదు. దాచిపెట్టిన రోగం మందలో కలిసిన తరువాత బయటపడుతుంది.

టీకాల విషయంలో ఒక హెచ్చరిక

మిశ్రమ వయసుల మందలో టీకా షెడ్యూలు అందరికీ ఒకటిగా ఉండదు. లాసోటా టీకాను మొదటి వారంలో, తిరిగి 4వ వారంలో కంటిలో లేదా ముక్కులో చుక్కగా వేస్తారు. ముక్తేశ్వర్‌లో అభివృద్ధి చేసిన ఆర్2బి టీకాను 8 – 9 వారాలు దాటిన కోళ్లకు ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఇది కొంత తీవ్రత కలిగిన సజీవ వైరస్. చిన్నపిల్లలకు ప్రమాదకరం. పెద్దకోళ్లకు ఈ టీకా వేసిన రోజులలో అదే గూటిలో పొదుగుకోడి, పసిపిల్లలు ఉంటే టీకా వైరస్ వాటికి సోకే అవకాశాన్ని విస్మరించరాదు. పొదుగుకు ముందే టీకా వేయించడం, లేదా పిల్లలున్న తల్లిని వేరే చోటికి మార్చడం అవసరం.

టీకా సీసాలో పది కోళ్లకు సరిపడా మందు ఉండదు. వంద, అంతకు మించిన మోతాదులు ఉంటాయి. కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడేయాలి. పది కోళ్ల ఇంటికి ఒక సీసా తెప్పించడం గిట్టుబాటు కాదు గనుక వాడకట్టు మొత్తం ఒకే రోజున టీకాలకు సిద్ధపడితేనే ఆ పని జరుగుతుంది. కొత్త కోళ్లను తెచ్చే తేదీని ఆ రోజుకు ముందుగా కుదుర్చుకొని, టీకా పడిన 2 – 3 వారాల తరువాత మందలో కలపాలి. టీకా వేసిన రోజే కలిపితే రెండు ఒత్తిళ్లు ఒకేసారి పడతాయి.

కలిపే విధానం

విడి ఉంచిన గడువు ముగిసిన తరువాత కొత్తవాటిని 7 – 10 రోజులు ఇనుప జాలీ అడ్డుగా పాత మంద పక్కనే ఉంచాలి. చూసుకోవడానికి వీలుండాలి, పొడుచుకోవడానికి వీలుండకూడదు. జాలీ తీసిన తరువాత సాయంత్రం వేళ బయట విశాలమైన చోట గింజలు, ఆకుకూరలు చల్లి అన్నిటినీ ఒక గంట కలిపి వదలాలి. ఇలా రెండు మూడు రోజులు జరిగాక చీకటి పడ్డాక కొత్తవాటిని గూటిలో చేర్చాలి. రాత్రి చేర్చితే ఉదయానికి అన్నీ కలిసిపోతాయనే నమ్మకం పూర్తిగా సరికాదు. పోరు ఆగదు, తెల్లవారుజాముకు వాయిదా పడుతుంది. గూడు తలుపు ఆలస్యంగా తెరిస్తే బలహీనమైన కోడికి తప్పించుకునే దారి ఉండదు. ఉదయపు షిఫ్టుకు వెళ్లే కార్మిక కుటుంబాలలో ఈ ప్రమాదం ఎక్కువ గనుక, వారాంతపు సెలవుకు ముందు రాత్రి కలపాలని సూచించడం ఉచితం.

గూటిలో ఒక్కో కోడికి 1.5 – 2 చదరపు అడుగుల స్థలం, వేర్వేరు ఎత్తులలో దండేలు, కనీసం రెండు చోట్ల మేత, రెండు చోట్ల నీళ్లు ఉండాలి. ఒక మూల నిలువుగా ఆనించిన చెక్కపలక, పాత బుట్ట వంటివి చిన్నవాటికి చాటుగా ఉపయోగపడతాయి. తరమడం, ఒకటి రెండు పొడుపులు సహజం. మొదటి వారం వాటిలో కలుగజేసుకోనవసరం లేదు. రక్తం కనబడితే మాత్రం వెంటనే గాయపడిన కోడిని తొలగించి, గాయంపై జెన్షన్ వయొలెట్ పూయాలి. ఎరుపు రంగు మిగిలిన కోళ్లను మళ్లీ మళ్లీ పొడిచేలా చేస్తుంది. ఒకే పెట్ట అదే పనిగా వేధిస్తుంటే, దెబ్బలు తిన్నదానికి బదులు ఆ పెట్టనే కొన్ని రోజులు దూరంగా ఉంచితే తిరిగి వచ్చేసరికి దాని పట్టు సడలుతుంది.

మేతలో వయసు తేడా

గుడ్లు పెట్టే పెట్టల మేతలో కాల్షియం 3.5 – 4 శాతం వరకు ఉంటుంది. పెరిగే పిల్లలకు సుమారు 1 శాతం చాలు. 16 వారాలు నిండని పిల్లలు లేయర్ మేతను రోజూ తింటే మూత్రపిండాలు దెబ్బతిని, అవయవాలపై తెల్లని యూరేట్లు పేరుకొని చనిపోతాయి. మిశ్రమ మందలో అందరికీ గ్రోయర్ మేత, నూకలు, జొన్నలు ఇచ్చి, పెట్టల కోసం ఆల్చిప్పల పొడి లేదా సున్నపురాయి నలుసులను వేరే గిన్నెలో ఉంచడమే సులువైన పరిష్కారం. అవసరమైన కోడి దానంతట అదే తింటుంది. పిల్లలకు అదనపు మాంసకృత్తుల మేత అందాలంటే ఒక గంపను బోర్లించి, అంచు కింద ఇటుకలు పెట్టి మూడు నాలుగు అంగుళాల సందు విడిచి, మేతను లోపల ఉంచాలి. పిల్లలు దూరుతాయి, పెద్దవి దూరలేవు. కర్మాగారాల క్యాంటీన్లలో మిగిలిన అన్నం, కూరలు ఈ ప్రాంతంలో తేలికగా దొరికే మేత. వాటిలోని ఉప్పు పెద్దకోడికి దాహం పెంచితే, పసిపిల్లకు ప్రాణాంతకం కావచ్చు.

నేల, నీరు

పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నేలలలో క్రోమియం, సీసం, ఆర్సెనిక్ వంటి లోహాల కాలుష్యాన్ని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో ప్రచురించిన పరిశోధన వెల్లడించింది. ఇక్కడి మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మేసే కోడి గింజతో పాటు మట్టిని, పురుగుతో పాటు బురదను మింగుతుంది. నేలలోని సీసం గుడ్డులోకి చేరగలదు. యాంటీబయాటిక్ అవశేషాలున్న మురుగు, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన తావు. కొత్త పిల్లల ఆవరణకు చోటు ఎంచేటప్పుడు ఈ ప్రాంతంలో వేయవలసిన మొదటి ప్రశ్న ఆ నేల ఎక్కడి నుంచి వచ్చిందన్నది: ఊరి సొంత మట్టా, లేక ఎక్కడినుంచో లారీలతో తెచ్చి పోసిన నింపుడు మట్టా? ధూళి స్నానానికి పొయ్యి బూడిద పనికొస్తుంది. బాయిలర్ బూడిద పనికిరాదు. రసాయనాలు నిలువచేసిన ప్లాస్టిక్ పీపాలను కోసి నీటి తొట్టెలుగా, గూళ్లుగా వాడడం ఎంత కడిగినా సురక్షితం కాదు. గుడ్లు పెట్టే పెట్టలను కాలువ వైపు పోకుండా కట్టడి చేయలేకపోయినా, కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి నుంచి తాగునీటి గిన్నెను నీడలో నిండుగా ఉంచితే అవి మురుగు వైపు వెళ్లే అవసరం తగ్గుతుంది.

కొత్త కోళ్లు చేరిన నెల రోజులలో ఒకేసారి ఎక్కువ కోళ్లు చనిపోతే, అది కొక్కెర తెగులేనని నిర్ధారించుకొని మిగిలినవాటిని హడావిడిగా అమ్మడం మరో వాడకు రోగాన్ని పంపడమే అవుతుంది. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి ఈ జిల్లాకు దూరపు వార్త కాదు. రెండు రోగాలను లక్షణాలతో వేరుచేయడం పెరటిలో సాధ్యం కాదు. చనిపోయిన కోళ్లను చేతితో ముట్టకుండా, మిగిలినవాటిని కదపకుండా సమీప పశువైద్యశాలకు తెలియజేయాలి. ఏ కోడి ఏ రోజున, ఏ సంత నుంచి వచ్చిందో గోడ క్యాలెండరు మీద రాసి ఉంచిన ఇంట్లో పశువైద్యుని పని సగం తగ్గుతుంది.